ఎదురు కొట్టు మిక్సీ

వర్క్‌షాపు బల్ల మీద కొత్త మిక్సీ ఒకటి బోర్లా పడి ఉంది. ఆయన దాని అడుగున స్క్రూలు విప్పుతున్నాడు. భార్య పక్కనే నిలబడి చూస్తోంది. ఆయన తలెత్తకుండానే అడిగాడు.

"ఎదురు కొట్టువాడి సరుకు మనింట్లోకి ఎలా వచ్చింది?"

"చెప్తాను. ముందు విప్పడం కానివ్వండి. చేతులు దురద పెడుతున్నాయిగా."

"దురద కాదు, ఒళ్లు మంట. నేను తయారుచేసిన మిక్సీ వాడి పేరుతో అమ్ముడుపోతోంది."

"ఎవరైనా చేసుకోవచ్చని కొలతలతో సహా నెట్లో పెట్టింది మీరేగా?"

"చేసుకోమన్నాను. నాకన్నా బాగా చేయమన్నానా?"

"మిక్సీలో ఏ భాగం పాడైనా ఏ కొట్లోనైనా అది దొరుకుతోందని అందరూ మెచ్చుకుంటున్నారు. మీరు కోరుకున్నదీ అదేగా."

"మెచ్చుకునేది వాణ్ని! ఇదిగో, ఈ కన్నం చూడు. మొదటి అచ్చులో నేను పొరపాటున వేసింది. వెధవ, నా తప్పుని కూడా వదల్లేదు."

"ఆ కన్నంలో రబ్బరు ముక్క బిగించాడండీ. అందుకే మోత తగ్గింది. దాని కొలత కూడా నెట్లో పెట్టాడు. మీరూ వాడుకోవచ్చు."

"వాడు పెట్టింది నేను ఛస్తే చూడను."

"చూశారు. నా ఫోన్లోంచి, నాలుగుసార్లు. కింద 'మోత భరించలేం, కొనకండి' అని నా పేరుతో రాశారు కూడా."

"... అయితే ఏంటట?"

"అది చదివి, పాపం, పొద్దున్నే అతనే వచ్చాడు. 'అక్కా, మోత ఎక్కడొస్తోందో నాకు అంతుపట్టట్లేదు. బావగారిని ఒక్కసారి విప్పి చూడమనండి' అని ఇచ్చి వెళ్లాడు."