పాటలో చేసిన దొంగతనం

జర్మనీలోని ఓఫెన్‌బాఖ్ ఊళ్లో, కోర్టు మెట్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకడు అప్పుడే నిర్దోషిగా విడుదలైన ర్యాప్ పాటగాడు. రెండో మనిషి, అతని తరఫున సాక్ష్యం చెప్పిన పక్కింటి ముసలమ్మ.

“నువ్వు రాకపోతే జైలుకే పోయేవాణ్ణి మామ్మా. నీ మేలు మర్చిపోను.”

“ఆ నగల కొట్టు దోచింది నువ్వేనని పాట కట్టావెందుకురా వెధవా?”

“మా పాటల్లో ఆమాత్రం గొప్పలు లేకపోతే ఎవడూ వినడు.”

“పోలీసులు విన్నారుగా! అందుకే జడ్జిగారికి ఉన్నదున్నట్టు చెప్పేశా. దొంగతనం జరిగిన సాయంత్రమంతా నా బుల్లి కుక్కకి జడిసి, మా వంటింట్లో బల్లెక్కి కూర్చున్నావని.”

“కోర్టంతా పడీపడీ నవ్వింది. పేపర్లవాళ్లు రాసుకున్నారు కూడా.”

“పరువు పోయిందని బాధా?”

“లేకేం? కానీ నవ్వినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది మామ్మా. నన్ను పట్టుకెళ్లినప్పట్నుంచి ఆవిడ నవ్వగా నేను చూళ్లేదు.”