ఉప్పు తెలియని పెంపకం

జీవన ఎరువులు తయారుచేసే ల్యాబులో ఇద్దరున్నారు. పెద్దావిడ ఇక్కడ చేరి ఇరవై ఏళ్ళయింది. చిన్నావిడ చేతిలో మూత తీయని గాజు పళ్ళేలు రెండున్నాయి.

“మూతలు తియ్యకుండా అలా పట్టుకు నిలబడ్డావేమే?”

“అక్కా, ఈసారి బ్యాక్టీరియాని ఉప్పు లేని ద్రావణంలో పెంచాను. ఉప్పేస్తే పెరగడానికి నాలుగు రోజులు, వెయ్యకపోతే రెండే. ఆర్డరు తొందరగా ఉంది.”

“ఒక ద్రావణంలోంచి ఇంకోదానికి మారుస్తూ అలా ఎన్నిసార్లు పెంచావు?”

“పదకొండు.”

“చవుడు నేల ఉప్పులో బతికి పైరుకి నత్రజని అందించాల్సినదాన్ని కొత్తల్లుడిలా మేపావా?”

“నవ్వించకక్కా.”

“నేను నవ్వడం లేదు. ప్యాకెట్లేవి?”

“నలభైమంది రైతులు విత్తనాలకి పట్టించి చల్లేశారు. పన్నెండు రోజులైంది. మా అన్నయ్య కూడా. యూరియా వెయ్యనని నేనే ఒట్టేయించుకున్నాను.”

“మరి ఈ పళ్ళేలు?”

“ఆ ప్యాకెట్లోదే ఐదు రోజుల క్రితం వేశాను. ఒకదాంట్లో ఉప్పుంది, ఒకదాంట్లో లేదు. నువ్వే తియ్యక్కా.”

“ఇది నిండా ఉంది.”

“అది ఉప్పు లేనిది.”

“రెండోది ఇలా తే. లైటు దగ్గరికి రా.”

“ఉందా?”

“చుక్క కూడా లేదు.”

“ఇంకో రెండు రోజులు చూద్దామా?”

“పళ్ళెం ఆగుతుంది, పైరు ఆగదు. ఈ వారంలో యూరియా పడితే నిలబడుతుంది. ముందు మీ అన్నయ్యకి ఫోన్ చేసి తిట్లు తిను.”

“అన్నయ్య తిట్టడక్కా. ‘నీ మీద నమ్మకముంది చెల్లెమ్మా, ఇంకో వారం చూద్దాం’ అంటాడు.”

“అయితే బండి నేను నడుపుతాను. దారిలో మిగతావాళ్ళకి ఫోన్ చెయ్. ఈ పళ్ళెం ఆయనకి చూపిద్దాం.”

“ఇందులో ఏమీ లేదుగా, ఏం చూస్తాడు?”

“అదే చూస్తాడు.”