చిట్టి పాలపళ్లు

హలో… ఆ, నేనే మొగిలీ, అనంతరామ్‌ను. ఆఫీసు ఫోను నుంచి మాట్లాడుతున్న.

…లేదు, లేదు. ఇంట్ల అందరు మంచిగున్నరు. పూలమ్మ, పిల్లలు, అందరు. గనికి ఫోనొస్తే గుండె జారుతదని నాకు తెల్వదా. ముందుగాల కూసో. గనిలకు దిగేటందుకు లాంపు తీసుకున్నవా?… సరే, రెండే మాటలు.

మా కుక్కపిల్ల సంగతి. చిట్టి సంగతి.

…పొద్దుగాల మీ పూలమ్మ నవ్వుకుంట చెప్పింది. మీ క్వార్టరు ముందట ఊడుస్తుంటే చిట్టి పళ్లు దొరికినయట. బియ్యపు గింజలంత ఉన్నయట. పిల్లల పళ్లకు చేసినట్టే పేడల పెట్టి పెంకుల మీదికి ఇసిరిందట, మంచి పళ్లు రావాలెనని.

…ఆ. పాలపళ్లే మొగిలీ. నాలుగైదు నెలలకు కుక్కపిల్లలకు గూడ ఊడుతయి. చిగుళ్లు సలుపుతయి, రక్తమొస్తది, దొరికిందల్ల కొరుకుతది. నువ్వనుకున్నట్టు పిచ్చి గాదు.

…ఆమెనేమనకు. చిట్టిని బస్తాల పెట్టుకొని రైలెక్కి విడిచిపెట్టొచ్చినవని ఆమె దాచలేదు. నాకు తెలుసనే అనుకుంది.

…భయపడ్డవు. చిన్నపిల్లలున్న ఇల్లు. దానికి నిన్నేమంట?… ఆగు, నన్ను చెప్పనియ్యి.

మీ వదిన కాలం చేసినంక, ఆమె మాసికానికి మంథని పోతూ దాన్ని నీ చేతిల పెట్టిన. దాని తల్లి లారీ కింద పడ్డనాడు, కండ్లు తెరవని దానికి దూదితోటి పాలు పట్టింది మీ వదినే, మంచం మీంచి లేవలేని రోగంల. ఆ పాలు తెచ్చిచ్చింది నువ్వు.

…సార్ అంటున్నవేంది? నిన్నటిదాక అన్ననే గద.

నేనొచ్చినంక, తాడు తెంపుకొని పోయిందన్నవు. నాతోటి గల్లీ గల్లీ తిరిగినవు. నాకన్న గట్టిగ పిలిచినవు— చిట్టీ, చిట్టీ అని. నా గొంతు పోతే నీళ్లు తాపినవు. అది అక్కడ లేదని తెలిసి గూడ.

…చెప్పు. ఎక్కడ?

…మంచిర్యాల. టేషన్లనా, బయటనా?… చాయ్ హోటలు పక్కన. బన్ను కొనిపెట్టినవా… పాలల నానబెట్టి. మంచిపని చేసినవు. నొప్పికి గట్టిది నమలలేదు.

తర్వాత?

…నీ రైలు కదిలితే?

…ఎంతదూరం ఉరికింది?

…

ఉన్న. ఇంటున్న.

…వద్దు. నువ్వు రావద్దు. మధ్యాహ్నం ప్యాసింజరుకు నేనొక్కణ్నే పోత. దొరికేదాక వెతుకుత.

…ఒట్టు, కోపంతోటి గాదు. ఇద్దరం నిలబడి పిలిస్తే అది నీ దగ్గరికే ఉరికొస్తది మొగిలీ. దానికింకా తెల్వదు. అది నేను చూడలేను.

…సైరన్ కూత ఇనబడుతుంది. నీ షిఫ్టుదే. దిగు. గని పైకప్పు చూసుకుంట పనిచెయ్యి.

ఫోను పెడుతున్న.