తొమెజో గురి

కూర్చో తల్లీ, స్టవ్ దగ్గరికి జరుగు. తొమెజో గురించే కదూ వచ్చావు? వాడి విగ్రహం కింద రాతిమీద చెక్కడానికి నాలుగు మాటలు కావాలంటారు మీ ఆఫీసువాళ్లు. "గద్దల్ని కన్నబిడ్డల్లా సాకిన మహానుభావుడు" అని మీరే రాసేసుకొచ్చారా? బాగుంది, టీ తాగు. వాడూ నేనూ ముప్పై ఏళ్లు ఒకే పడవ మీద వల లాగాం. ఈ తీరంలో గద్దల్ని వాడు తిట్టినట్టు ఇంకొకడు తిట్టలేదు. ఎందుకంటావా? ఏటా చలికాలంలో పడ్డ మొదటి చేపని రేవులో సముద్రదేవుడి గుడిమెట్టు మీద పెడతాం చూడు, ఒక ఏడు ఆ వంతు వాడిది. పెట్టి తల వంచాడో లేదో, తెల్లభుజాల గద్ద ఒకటి వచ్చి తన్నుకుపోయింది. పూజారేమో "దేవుడే పంపాడులేవయ్యా, అందినట్టే" అన్నాడు. ఆ ఏడు వలలన్నీ ఖాళీ. ఇంకేం, రేవంతా వీడి మొహమే చూసింది, దేవుడి ముద్ద దొంగకి పెట్టాడని. అప్పట్నించీ పడవలో గడ్డకట్టిన చేపలు బుట్టెడు పెట్టుకుని, గద్ద కనిపిస్తే చాలు, గురిచూసి విసిరేవాడు. గడ్డకట్టిన చేపంటే రాయే కదా. తగిలితేగా? అది గాల్లోనే కాళ్లతో అందుకుని పోయేది. "తిను, నీ కడుపు పగల" అని వీడు గొంతు చించుకునేవాడు. టోక్యో నుంచి ఫొటోలాయన ఒకడు వచ్చి అదే తీసి పేపర్లో వేశాడు, గద్దలతో మాట్లాడే తాత అని. ఇక జనం బస్సుల్లో దిగారు, వాళ్లని తిప్పే పడవలో చేపలు విసరడానికి వీణ్ణి ఎక్కించుకున్నారు. "ఒరే సాకిచీ, నా పగ నేను తీర్చుకోడానికి చేపలు వాళ్లే కొనిస్తున్నార్రా" అని తెగ నవ్వేవాడు.

ఇది మాత్రం రాసుకోకు. ఒక మధ్యాహ్నం వీడు విసిరిన చేప గద్దకి తగిలింది. మా వల పడవలో మేమిద్దరమే. రెక్కకి తగిలి అది సముద్రం మీద తేలే మంచుపలక మీద పడింది. ఇన్నేళ్ల పగ తీరింది, గంతులేస్తాడనుకున్నా. వాడు ఊగుతున్న పలక మీదికి దిగి, కోటు కప్పి ఎత్తుకొచ్చాడు. చెయ్యంతా చీరేసింది. స్నానాలగదిలో దాచి నలభై రోజులు చేప ముక్కలు కోసి పెట్టాడు. వాళ్లావిడ ఫుకు మా ఇంటికొచ్చి స్నానం చేసేది, పాపం. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. కొట్టినందుకు కాదమ్మా, గద్దకి సేవ చేశాడంటే పరువు పోతుందని. చివరికి అది ఎగిరింది. పోతూ పోతూ చూరుకి వేలాడేసిన ఎండుచేప కూడా లాక్కుపోయింది. వీడు తిట్టలేదు. నాకు భయమేసింది, ఒంట్లో బాలేదేమోనని.

ఆ తర్వాత వాడు విసిరే చేపలు గద్దలకి నాలుగు బారల అవతల పడేవి. గాల్లో పట్టే ఫొటో దొరకట్లేదని జనం సణిగారు. ఆ జనాల పడవ నడిపే కుర్రాడు "తాతకి చూపు పోయింది" అని మరుసటేడు ఎక్కించుకోలేదు. రేవులో నిలబడి పడవ వెళ్లడం చూసేవాడు. చూపు బాగానే ఉందని చెప్పొచ్చు కదరా అన్నా. "సాకిచీ, జన్మలో నా గురి ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదురా" అన్నాడు.

విగ్రహం చెయ్యెత్తి విసురుతున్నట్టే పోతపోశారా? పక్కన గద్ద కూడానా? చెయ్యి సరిగ్గా దానివైపే ఉందా? కాస్త పక్కకి తిప్పించు తల్లీ. ఆ టీ తాగు, చల్లారిపోయింది.