తాళం తప్పిన పాటలు

పక్షవాతంతో మాట పడిపోయిన ముసలాయన మంచం పక్కన అక్కా తమ్ముడూ కూర్చున్నారు. తమ్ముడు తన ఆటోలోంచి తెచ్చిన టేప్‌రికార్డర్ మోగుతోంది.

“చూడుక్కా, మళ్లా నాయన వేలు ఆడతాండాది.”

“అవును రా! పిలిస్తే కన్ను కూడా తెరవని మనిషి. ఎవురివిరా ఈ పాటలు?”

“లేపాక్షి నందిని చూసేకి వచ్చిన దొరసాని ఆటోలో మర్చిపోయిన క్యాసెట్టు. జమైకా నల్లోళ్ల పాటలంట. రెగ్గే అంటారంట.”

“బాగుండాయి. సీయోను అంటాండారు, మా చర్చి పాటల మాదిరే. నాయన మనసుకు పట్టినాయి.”

“పట్టలేదు. సరిగా విను. మొదటి దెబ్బ పడాల్సిన చోట వాళ్లు ఊరికే వదిలేస్తాండారు. నాయన వేలు సరిగ్గా ఆడనే పడతాండాది.”

“పడితే?”

“మాకు చెక్కభజన నేర్పేటప్పుడు ఎవురన్నా తాళం తప్పితే ఏం చేస్తాండె? తప్పిన దెబ్బను అట్లనే వేలితో నేల మీద కొట్టి చూపిస్తాండె. ఇప్పుడూ కోపమొచ్చినాది. తిడతాండాడు.”

“ఏమో రా. నాకైతే నవ్వుతాండినట్లుండాది.”

“మూతి వంకరపోయింటే నవ్వు యాడ తెలుస్తాదక్కా? పోయే ముందర ఆయప్పను ఎందుకు బాధపెట్టేది? ఆపేస్తా.”

పాట ఆగింది.

“రేయ్, వేలు నిలిచిపాయ!”

“నాయనా! ఓ నాయనా!”

“పలకడు. నువ్వు ముందు పాట పెట్టు.”

“మళ్లా కోపమొస్తాదేమో అక్కా.”

“రానీ. తిట్టేకైనా ఉండనీరా.”