దాలెమ్మ కొడుకు మోటారు

దాలెమ్మని ఒకామె ఉండీది మా పేటలో. కొడుకు ఎల్లాజీ పుట్టిన వారానికే, మొగుడు తెప్ప తిరగబడి పోయాడంట. ఆ కొడుకే పెద్దోడై మా పేటకి మొట్టమొదటి పడవ మోటారు తెచ్చేడు. ఇప్పుడంటే ఇంటికో మోటారు గానీ అప్పుడలగ కాదు. తాడు లాగి దాన్ని లేపీసరికి, ఆడోళ్ళు పొయ్యి మీద కూర అలగే ఒగ్గీసి ఒడ్డుకి పరిగెత్తుకొచ్చీవోరు. నవ్వకండి, మీ అమ్మలే వచ్చీవోరు. ఆ పడవ మీద నాను కళాసీని. తెడ్డు పట్టక్కర్లేదు, తెరసాప ఎత్తక్కర్లేదు, సేతులు ముడుసుకుని కూకుంటే ఒడ్డు దానంతట అదే ఎనక్కి పోయీది. అంత సుకం నాను మళ్ళీ ఎరగను.

మరి ఏమైందంటే, నెల తిరక్కుండా దానికో జబ్బు తగులుకుంది. జోరుగా ఎల్తే గుర్రమే అనుకో. నెమ్మది సేసేవా, రెండు దగ్గులు దగ్గి ఆగిపోద్ది. ఆగితే ఏటి, మళ్ళీ తాడు లాగొచ్చు కదా అంటారు మీరు. ఒడ్డుకొచ్చీటప్పుడు కెరటాలు ఇరిగే సోటికి ముందు నెమ్మదిగా నిలబడాల. పెద్ద కెరటాలు పోనిచ్చి అప్పుడు ఒడ్డుకి దూకాల. సరిగ్గా అక్కడే ఆగిపోయీది ముండది. పడవ అడ్డం తిరిగిందా, మన పని అయిపోనాదే. ఓపాలి తిరగబడిపోనాం కూడాను. వల పోయింది, నా ముందు పన్ను పోయింది, ఇదిగో సూడండి. దాలెమ్మ కొడుకుని ఒడ్డు మీద తడిమి తడిమి, "దానికి కడుపు నిండా పోత్తన్నావా నేదా నాయనా" అని ఏడుపు. ఎల్లాజీ అన్నాడు గదా, ఇంకోపాలి ఆగిందంటే దీన్నమ్మీసి మళ్ళీ తెప్పెక్కుతానన్నాడు.

అప్పుడు పట్నం నుంచి మస్తానని మోటార్లు బాగుసేసీవోణ్ణి తెచ్చేం. గొట్టం ఊదేడు, బాగానే ఉంది. కార్బొరేటర్ ఇప్పి సన్న బెజ్జంలో తీగ పెట్టి తీసేడు, అదీ బాగానే ఉంది. ప్లగ్గు ఇప్పితే నల్లగా, జిడ్డుగా, దీపం మసిలాగుంది. తుడిసి పెట్టేడు, సక్కగా నడిసింది. మర్నాడు మళ్ళీ అదే దగ్గు. మళ్ళీ తుడిసేడు, మళ్ళీ దగ్గు. కిరసనాయిల్లో ఆయిలెంత కలుపుతున్నావురా అంటే, నివ్వు సెప్పిన కొలతేనన్నా, ఒట్టు అన్నాడు ఎల్లాజీ. మూడోపాలి మస్తాను ప్లగ్గు ముక్కు కాడ పెట్టుకున్నాడు. "ఇది ఆయిలు కంపు కాదురా. నీసు కంపు."

దాలెమ్మ ఎనకాలే ఉంది. నవ్వుతా ముందుకొచ్చింది, అయ్యో, అది తల్సుకుంటే ఇప్పటికీ నాకు అదోలాగుంటాది. "సొరసేప నూనె బాబూ, నానే పోత్తన్నాను. పొద్దున్నే మీరు రాకముందు, రోజుకో గరిటెడు. తెప్పలకి రాసీవోళ్ళం కదా, సెక్క పగలకుండా. దీని ఒంటికి రాస్తే ఇనుం, పట్టదు. నోరొకటుంది కదాని కిరసనాయిలు డబ్బాలో పోసేను. ఆగిపోతందన్న కాడి నుంచి రెండు గరిటెలు."

మస్తాను నవ్వబోయి మా మొకాలు సూసి మానేసేడు. నెమ్మది మీద ఆ నూనె కాలదమ్మా, ప్లగ్గుకి పట్టీసి ఆపీస్తాదని మెల్లగా సెప్పేడు. ఆమెకి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఇసకలో కూలబడిపోనాది. "మొగుడప్పుడు బాలింతని, తెప్పకి నూనె రాయలేకపోయేను, ఆణ్ణి పోగొట్టుకున్నాను. కొడుక్కి రెండు గరిటెలు పోసి ఈణ్ణీ ముంచబోయేను" అంది.

ఎల్లాజీ అప్పుడే మొదటిపాలి ఇన్నాడంట ఆ మాట, పాతికేళ్ళొచ్చాక. మోటారు అక్కడే ఒగ్గీసి తల్లి ఎదర కూకున్నాడు. "అమ్మా, అయ్య పోయింది నూనె లేక కాదే. కెరటం పెద్దది. అంతే."

అంతే! నాలుగు ముక్కలు. మేం పేటంతా ఉన్నాం, ఆమె కలిపిన గంజి తాగినోళ్ళం. ఇన్నేళ్ళలో ఒక్కడైనా ఆ ముక్క సెప్పేడా? ఆమె అలగ అనుకుంటందని మాకేటి తెలుసని మీరంటారు. అడిగితే కదా తెలిసేది. ఆ దినం, ఎన్నేళ్ళకో, దాలెమ్మ రెండోపాలి అన్నం ఏయించుకుని తిందంట. మోటారు బాగుసేసేనని మస్తాను సాలా ఏళ్ళు సెప్పుకున్నాడు. సెప్పుకోనివ్వండి. ఇంక లేవండి, వలలు మడతెట్టాల.