సముద్రానికి సీటు కవరు

అన్యాయం జరిగింది సూది వదినకి. జరిగింది సోమవారం పొద్దున్న. ఆవిడ వెనకగదిలో మిషను తొక్కుతుండగా ముందుగదిలో ఫోను మోగింది. పార్సిళ్లు చేరవేసే రైడర్ల సంఘం వాళ్లు, "సీటు తడవకుండా ఉండే ఆ కవరు కనిపెట్టింది ఎవరండీ?" అని అడిగారు. గల్లాపెట్టె దగ్గర కాలు మీద కాలేసుకు కూర్చున్న మరిది తడుముకోకుండా, "ఇంకెవరు, నేనే" అన్నాడు.

ఆ మరిదిని వీధంతా మైకు అంటుంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో. వదినకి సూది అని పేరు పడ్డది ఆవిడ చేతిలో ఒకటి, నోట్లో ఒకటి ఉంటాయని.

అసలు సంగతి ఇంతే. బండి సీటుకి పైన అడ్డంగా ఒక కుట్టు ఉంటుంది. వాన పడితే ఆ కుట్టులోని సూది బెజ్జాల్లోంచి నీళ్లు లోపలి స్పాంజిలోకి దిగుతాయి. రైడరు కూర్చోగానే ఆ నీళ్లు తిరిగి పైకొచ్చి ప్యాంటుకి పడతాయి. ఊరంతా చూసి నవ్వుకునే ఆ తడిగీతని చూసి ఆలోచించింది వదిన ఒక్కతే. రెగ్జిన్ ముక్కని ఎండలో వేడెక్కనిచ్చి, మెత్తబడ్డాక సీటు మీద సాగదీసి, జాడీ మూతికి గుడ్డ కట్టినట్టు అంచు కింద నాడాతో బిగించింది. పైన ఒక్క కుట్టు లేదు. మొదటివి చిరిగిపోయాయి, తర్వాతివి ముడతలు పడ్డాయి, ఆ తర్వాత కుదిరింది. ఒక్క మిషను కొట్టు మూడు మిషన్ల కొట్టు అయింది.

ఇప్పుడు సంఘం వాళ్లు మరో మాట తెచ్చారు. వాళ్ల పాత గోడౌను ఖాళీగా ఉంది. వెలుతురుంది, కరెంటుంది. అందులో మిషన్లు కూడా వేసిస్తారట, కవరు కనిపెట్టిన మనిషికి. "కుట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, బుర్ర పెట్టేవాళ్లు కావాలి" అన్నారట. ఆ మనిషి మైకే అయితే, వదిన ఆ గోడౌనులో కూడా వెనకగదే వెతుక్కోవాలి.

గురువారం సాయంత్రం సంఘం నడిపే ఆవిడే స్వయంగా వచ్చింది. రైడర్లు ఆమెని అక్క అంటారు. హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని, కొట్టు పక్కనున్న టీ బంకు బల్ల చివర కూర్చుంది. నలుగురైదుగురు రైడర్లు చుట్టూ చేరారు. టీ బంకు బాబాయి గ్లాసులు కడుగుతూ ఒక చెవి ఇటు పడేశాడు. మైకు బల్ల మధ్యలో బైఠాయించి గొంతు సవరించుకున్నాడు.

వదిన కొట్టు గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం లెక్క వేసుకుంది. 'వాడు కాదు, నేను' అనొచ్చు. అంటే అది నోళ్ల తగువవుతుంది. నోళ్ల తగువులో మైకుని గెలిచినవాడు ఈ వీధిలో ఇంకా పుట్టలేదు. ఇలాంటివాణ్ని కిందికి లాగకూడదు, మునగచెట్టు ఎక్కించాలి. కొమ్మ సంగతి కొమ్మే చూసుకుంటుంది. ఆవిడ వచ్చి బల్ల ఇవతలి చివర కూర్చుంది.

"చూడండీ, మొదట ఇది చాలా చిన్న సంగతి," అన్నాడు మైకు. "ఓ రోజు వాన. ఓ రైడరు మన కొట్టు ముందు బండి ఆపాడు. కూర్చో నాయనా అంటే కూర్చోడు. సిగ్గుపడుతున్నాడు. ఇదేంట్రా అని ఇటు తిప్పి చూద్దును కదా, వెనక ఇంత పొడుగు తడిగీత. కడుపు తరుక్కుపోయిందనుకోండి. నేను అసలే మెత్తని మనిషిని. ఆ పూట అన్నం సహించలేదు."

అక్కడిదాకా నిజమే. కాకపోతే ఆ పూట అన్నం సహించనిది వదినకి. మైకు రెండుసార్లు వడ్డించుకుని పడుకున్నాడు.

"లేచి కవరు కుట్టాను. తెల్లారి ఆ రైడరు కుండపోతలో ఊరంతా తిరిగొచ్చి చూసుకుంటే, ఒక్క చుక్క ఉంటే ఒట్టు."

"అంత వానకి ఆగిందంటే కుట్టు గట్టిదే అయ్యుంటుంది," అంది వదిన తేనె పూసిన గొంతుతో. "ఎన్ని వరసలు వేశావు మరిదీ?"

మైకు ఆ ప్రశ్నకి సిద్ధంగా లేడు. కానీ సిద్ధంగా లేనందుకు ఎప్పుడైనా ఆగాడా వాడు?

"రెండు వరసలు వదినా. నడిమధ్యన, పక్కపక్కన, రైలు పట్టాల్లాగ."

అక్క చేతిలోని టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది. రైడర్లలో ఒకడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు. ఇవేమీ మైకుకి కనబడలేదు. మాట్లాడుతున్నప్పుడు వాడికి కనబడేది వాడొక్కడే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన పంతం పట్టింది. 'వీడెవడు నన్ను ఆపేది' అని కురిసింది చూడండి, వీధి వీధంతా ఏరైపోయింది. నేను వరసలు ఏడు చేసి, ఆ కవరు నా బండికేసుకుని బయల్దేరాను. బండి తేలింది. చక్కగా పడవలాగ తేలి పోతోంది. నేను హారను కొడుతుంటే చేపలు పక్కకి తప్పుకుంటున్నాయి."

"సిగ్నలు దగ్గర ఆగావా అన్నా?" అన్నాడొక రైడరు.

"ఆగనా మరి? ఎర్రదీపం ఎర్రదీపమే. నేను ఆగానని ఏరు కూడా ఆగింది. పచ్చదీపం పడ్డాకే ఇద్దరం కదిలాం."

బాబాయి గ్లాసు కడగడం మానేసి, "ఈ ఏరుకి లైసెన్సుందా నాయనా?" అన్నాడు.

"నువ్వు అలా మధ్యలో అడ్డు తగలకు బాబాయ్, ధార తెగుతుంది. ఎక్కడున్నాను?"

"ఏడు వరసల దగ్గర," అంది వదిన. "ఏడేనా? మన కొట్టు పరువుకి ఏడంటే చిన్నతనం కాదూ?"

"అదే చెప్పబోతున్నా వదినా, నువ్వు తొందరపడితే ఎలా? వందకి పెంచాను. వంద వరసల కవరు వేసుకుని వీధిలోకొస్తే, మబ్బులు నన్ను చూసి అవతలి వీధికి వెళ్లిపోవడం మొదలెట్టాయి. ఇంకేముంది, వాతావరణ ఆఫీసు పెద్దాయన చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. 'అయ్యా, వాన పడుతుందని మేం చెబుతున్నాం, మీ కవరు చూసి అది పడనంటోంది, మా ఉద్యోగాలు పోయేలా ఉన్నాయి, వారానికి ఒక్కరోజైనా కవరు తీసి పుణ్యం కట్టుకోండి' అని చేతులు పట్టుకున్నాడు. సరే పాపం, పిల్లలు గలవాడు. శుక్రవారాలు తీస్తున్నాను."

"అందుకేనన్నమాట, కిందటి శుక్రవారం నా గొడుగు విరిగింది," అన్నాడు బాబాయి.

"క్షమించాలి. అయితే ఇదంతా మామూలు. అసలు సంగతి ఇంకా రాలేదు. ఓ రోజు కొట్టు ముందు కార్లు ఆగాయి. ఎన్ని కార్లంటే మొదటి కారు ఇక్కడుంటే చివరి కారు ఇంకా వాళ్ల దేశంలోనే ఉంది. కోటు వేసుకున్నాయన దిగాడు. 'మా సముద్రానికి కవరు కుట్టాలి, వానకి తడిసిపోతోంది' అన్నాడు."

రైడర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "సముద్రం తడిస్తే నష్టమేంటి అన్నా?"

"అదే నేనూ అడిగాను. ఏదీ అడక్కుండా పని ఒప్పుకునే రకం కాదు నేను. 'లోపల ఉన్నది ఉప్పునీళ్లు, పైనుంచి పడేది మంచినీళ్లు, కలిస్తే సరుకు పాడవుతుంది' అన్నాడు. న్యాయంగానే ఉంది కదా. ఒప్పుకున్నాను. ఇంత పొడుగు సూది చేయించాను, కరెంటు స్తంభం దాని ముందు అగ్గిపుల్ల. దారం ఎక్కించేదెలా? బండికి దారం కట్టి, సూది బెజ్జంలోంచి బండి నడిపాను. బెజ్జం దాటేలోపు రెండు గేర్లు మార్చాల్సొచ్చింది. మధ్యలో ఆగి టీ కూడా తాగాను."

"బెజ్జంలో టీ బంకు ఎవరిది?" అన్నాడు బాబాయి, వ్యాపారం మీద బెంగతో.

"నీదే. అద్దె నేను తర్వాత మాట్లాడతాను. అలా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కుట్టుకుంటూ పోయాను. ఓడలు ఆగి సలాము చేశాయి. తిమింగలాలు తల పైకెత్తి చూసి, 'ఇదేం పనితనం' అని మళ్లీ మునిగాయి. అదండీ మన చెయ్యి. అలాంటి చెయ్యి మీ గోడౌనులో పడిందంటే ఇంక చూసుకోండి." అని అక్క వైపు తిరిగి చిన్నగా తల వంచాడు.

అక్క ఎటు మొగ్గుతుందో వదినకి అందలేదు. మాటకారితనానికి పడిపోయినవాళ్లని ఆవిడ తక్కువమందిని చూళ్లేదు. చివరి కొమ్మ ఒక్కటే మిగిలింది. దాని మీదికి కూడా చెయ్యందించింది.

"మరిదీ, అంత పెద్ద కవరుకి వరసలు ఎన్నయ్యాయో నువ్వు చెప్పనేలేదు. కుట్లు పైనేశావా, కింద వేశావా?"

"వెయ్యి వరసలు వదినా. పైనే. కింద వేస్తే ఎవడు చూస్తాడు? కనబడని పనితనం పనితనమా?"

అక్క గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మైకన్నా, నాదొక్కటే అనుమానం. మా బళ్లకి కంపెనీ ఇచ్చిన సీటుకి పైన ఒక్క వరస ఉంది. ఒకే ఒక్కటి. దాని బెజ్జాల్లోంచి నీళ్లు దిగి, రెండు వానాకాలాలు మేము ఎవరింటి తలుపు కొట్టినా గోడకి వీపు ఆనించి పార్సిలు ఇచ్చాం. ఒక్క వరసకే మేమంత తడిశామే, నువ్వు వెయ్యి వరసలు పొడిచాక ఆ సముద్రం పాపం ఏమైపోయిందో ఒకసారి వెళ్లి చూశావా?"

ఇసక లారీ తొట్టి ఎత్తినట్టు నవ్వు ఒక్కసారిగా జారిపడింది. బాబాయి నవ్వలేక గ్లాసులు కింద పెట్టేసి స్తంభం పట్టుకున్నాడు.

మైకు ఆ నవ్వు మధ్యలోంచే, "అంటే... అది పై కుట్టే గానీ... లోపలికి వెళ్లని పై కుట్టు," అన్నాడు. తర్వాత వాడికే నవ్వొచ్చింది. ఒకటి మాత్రం చెప్పుకోవాలి, తన మీద తను నవ్వుకోవడంలో వాడు పిసినారి కాడు.

"నేను కూర్చుంటున్న కవరుకి పైన కుట్టే లేదు," అంది అక్క. "ఆ లేకపోవడాన్నే కనిపెట్టారు ఎవరో. వెయ్యి వరసలకి ఎక్కించిందీ ఆ ఎవరోనే అనుకుంటా." ఇటు తిరిగింది. "ఎలా తట్టింది వదినా?"

"నీళ్లు దిగుతున్నాయని అందరూ సీటుని తిట్టారు. నేను బెజ్జం పొడిచిన సూదిని తిట్టాను," అంది వదిన. "నా సూదే కదా, ఆ తిట్లు పడింది."

"చేతి తొడుగులు తడిసినప్పుడు ఫోను తెర పలకదు. విప్పితే చేతులు కొయ్యబారిపోతాయి. దానికేమైనా..."

అక్క మాట పూర్తికాలేదు. వదిన అప్పటికే లేచి, అక్క బండి హ్యాండిలు దగ్గర వంగి, ఫోను పెట్టే చోటు జానతో కొలుస్తోంది. "తొడుగు జోలికి పోవద్దు," అంది అక్కణ్నుంచే, "ఫోనుకే గూడు కట్టాలి. చెయ్యి లోపలికి దూరేలా, ముందు అద్దంలాంటి కాగితం. రేపు పొద్దున్న ఈ బండి ఇక్కడ వదిలి వెళ్లు."

అక్క జేబులోంచి గోడౌను తాళంచెవి తీసి వదిన చేతిలో పెట్టింది.

"మరి నేనో?" అన్నాడు మైకు.

మొదటి కవర్లు ఎవరూ ముట్టుకోని రోజుల్లో వాటిని వీధుల వెంట తిప్పి, అరిచి, అమ్మిపెట్టింది ఈ నోరే. వదిన ఎవరి బాకీ ఉంచుకునే మనిషి కాదు.

"నువ్వు అమ్ము. అది నీకంటే బాగా ఎవరికీ రాదు. కుట్టు గురించి మాత్రం నోరెత్తకు. చేతులు ఊరుకోకపోతే నాడాలు ఎక్కించు."

మైకు మొహం మళ్లీ వెలిగింది. పక్క రైడరు వైపు జరిగి కూర్చున్నాడు.

"నాడా అంటే మాటలనుకున్నావా తమ్ముడూ? ఓసారి నేను నాడా ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఉంటే, అవతలి చివర ఎక్కడ తేలిందో తెలుసా?"

"కాస్త ఆగన్నా, ఇది ముందు రాయనీ," అంది అక్క, ఫోనులోంచి తలెత్తకుండా. సంఘం వాళ్లందరికీ వెళ్లే కబురు అది. రాసి, వదినకి చూపించి, పంపింది: గోడౌను సూది వదినకి ఇచ్చాం, కవరు కనిపెట్టింది ఆవిడే, జూలై పదకొండు, గురువారం.